ఆఫర్‌ లెటర్‌ వచ్చాక అసలు పరీక్ష

బ్యాక్‌గ్రౌండ్‌ వెరిఫికేషన్‌లో ఏమేం చూస్తారు? నకిలీ అనుభవం ఎక్కడ దొరికిపోతుంది? చదువులో గ్యాప్‌ ఉంటే, పాత కేసు ఉంటే ఏం చేయాలి? ఉద్యోగాల వేటలో ఉన్న ప్రతి ఒక్కరూ ముందే తెలుసుకోవాల్సిన సంగతులివి.

దిల్‌సుఖ్‌నగర్‌ మెట్రో స్టేషన్‌ మెట్లు దిగితే చాలు, చేతిలో కరపత్రాలు పడతాయి. జావా, పైథాన్‌, డేటా సైన్స్‌, టెస్టింగ్‌ టూల్స్‌... చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్‌ చౌరస్తా దాకా ఇదే వరస. వీటిలో నిజాయతీగా పాఠం చెప్పే సంస్థలు ఉన్నాయి, మంచి ఫ్యాకల్టీ ఉన్నారు. అయితే కొన్నిచోట్ల వినిపించే ఓ మాట మాత్రం కరపత్రంలో కనిపించదు. డెమో క్లాసు అయ్యాక పక్కకు పిలిచి మెల్లగా చెబుతారు. ‘‘ఫ్రెషర్‌ అంటే ఎవరూ పిలవరు తమ్మీ. మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్‌ పెడదాం. లెటరు, పే స్లిప్పులు అన్నీ మేమే ఇస్తాం. వెరిఫికేషన్‌ కాల్‌ వస్తే మా వాళ్లే మాట్లాడతారు.’’

డిగ్రీ చేతికొచ్చి ఏడాదిన్నర అయింది. నెల నెలా హాస్టల్‌ ఫీజు కట్టాలి. ఊరి నుంచి ఫోన్‌ వచ్చిన ప్రతిసారీ ‘ఏమైనా వచ్చిందా?’ అన్న ప్రశ్నే. అలాంటప్పుడు ఈ మాట వినడానికి హాయిగానే ఉంటుంది. ‘అందరూ చేస్తున్నదే కదా’ అనీ అనిపిస్తుంది. నిర్ణయం మీదే. కానీ డబ్బు కట్టే ముందు బల్లకు అవతలి వైపు ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. కంపెనీ మీ కాగితాలను ఎందుకు తిరగేస్తుంది, ఎలా తిరగేస్తుంది, తేడా కనిపిస్తే ఏం చేస్తుంది అన్నవి తెలిస్తే సగం సందేహాలు వాటంతట అవే తీరిపోతాయి.

కంపెనీలకు ఎందుకంత పట్టింపు?

‘పని వస్తే చాలదా, పాత చరిత్రతో పనేంటి?’ అని చాలామంది అడుగుతారు. కంపెనీ వైపు నుంచి చూస్తే ఒక మనిషిని ఉద్యోగంలోకి తీసుకోవడమంటే ఓ బాధ్యతను నెత్తికెత్తుకోవడం. ఆ మనిషి చేసిన తప్పుకు కంపెనీ కూడా జవాబు చెప్పాల్సి రావచ్చు.

2005లో పుణెలోని ఒక బీపీఓలో పనిచేసిన కొందరు అమెరికా బ్యాంకు ఖాతాదారుల వివరాలతో లక్షల డాలర్లు మళ్లించిన కేసు బయటపడింది. మన ఐటీ రంగాన్ని కుదిపేసిన ఘటన అది. అదే ఏడాది డిసెంబరులో బెంగళూరులో రాత్రి షిఫ్టుకు బయల్దేరిన ఓ కాల్‌సెంటర్‌ ఉద్యోగినిని క్యాబ్‌ డ్రైవరు హత్య చేశాడు. ఉద్యోగినులకు తగిన భద్రత కల్పించలేదంటూ కంపెనీ ఉన్నతాధికారిపైనా కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2014 డిసెంబరులో దిల్లీలో ఒక ట్యాక్సీ డ్రైవరు ప్రయాణికురాలిపై అత్యాచారం చేసినప్పుడు, అతడిపై అంతకుముందే కేసులున్నాయనీ, సత్ప్రవర్తన సర్టిఫికెట్‌ నకిలీదనీ తేలింది. డ్రైవర్ల గతాన్ని పరిశీలించలేదన్న విమర్శతో యాప్‌ సంస్థ సేవలను కొంతకాలం దిల్లీలో నిషేధించారు.

ఈ అనుభవాల నుంచే కంపెనీలు పాఠం నేర్చుకున్నాయి. ఐటీ ఉద్యోగుల వివరాలను ఒకేచోట ధ్రువీకరించేందుకు 2006 జనవరిలో నాస్కామ్‌ నేషనల్‌ స్కిల్స్‌ రిజిస్ట్రీని తెచ్చింది. అమెరికా, యూరప్‌ క్లయింట్లతో చేసుకునే ఒప్పందాల్లో ‘మా ప్రాజెక్టులో పనిచేసే ప్రతి ఒక్కరి నేపథ్యం పరిశీలించి ఉండాలి’ అన్న షరతు ఉంటుంది. బ్యాంకింగ్‌, ఆరోగ్య రంగ ప్రాజెక్టులైతే మరీనూ. అంటే హెచ్‌ఆర్‌ వాళ్లు మిమ్మల్ని అనుమానించి అడగడం లేదు. అడగకపోతే కంపెనీయే ఒప్పందం తప్పినట్టవుతుంది.

ఏమేం చూస్తారు?

ఈ పనిని చాలా కంపెనీలు ప్రత్యేక ఏజెన్సీలకు అప్పగిస్తాయి. కొన్ని చేరకముందే పూర్తి చేస్తే, కొన్ని చేరిన తర్వాత మొదటి రెండు మూడు నెలల్లో చేస్తాయి. ‘జాయిన్‌ అయ్యానుగా, ఇక భయం లేదు’ అనుకోవద్దు. ఆఫర్‌ లెటర్‌ను చివరి పేజీ దాకా చదవండి. ‘వెరిఫికేషన్‌లో తేడా వస్తే ఎప్పుడైనా తొలగించవచ్చు’ అనే వాక్యం దాదాపు ప్రతి దాంట్లోనూ ఉంటుంది.

చదువు: మీ హాల్‌టికెట్‌ నంబరు, ఉత్తీర్ణత సంవత్సరం, మార్కులను నేరుగా యూనివర్సిటీ పరీక్షల విభాగానికి పంపి సరిచూస్తారు. ఉస్మానియా, జేఎన్‌టీయూ లాంటి వర్సిటీలు రుసుము తీసుకుని సర్టిఫికెట్‌ అసలుదో కాదో చెబుతాయి. తెలంగాణ ఉన్నత విద్యామండలి 2022 నవంబరులో స్టూడెంట్‌ అకడమిక్‌ వెరిఫికేషన్‌ సర్వీసు పేరుతో ఆన్‌లైన్‌ వ్యవస్థనే ప్రారంభించింది. రాష్ట్ర వర్సిటీల్లో 2010 తర్వాత చదివినవారి వివరాలు అందులో చూసుకునే వీలుంది. డిజిలాకర్‌ ఉండనే ఉంది. మార్కుల మెమోపై అంకె మార్చి నెట్టుకొచ్చే కాలం పోయింది.

అనుభవం: పాత కంపెనీ హెచ్‌ఆర్‌కు మెయిల్‌ వెళ్తుంది. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, జీతం, మళ్లీ తీసుకుంటారా లేదా అన్నవి అడుగుతారు.

చిరునామా: ఇప్పుడుంటున్న చోటుకు, శాశ్వత చిరునామాకు మనిషి వస్తాడు. లేదంటే లొకేషన్‌తో ఫొటో తీసి పంపే లింకు వస్తుంది. హాస్టల్లో ఉంటే యజమానికి ముందే చెప్పి పెట్టండి. చైతన్యపురి నుంచి కొత్తపేట హాస్టల్‌కు మారి, పాత అడ్రసే ఇచ్చినవారికి ఇక్కడే చిక్కొస్తుంది. ఊళ్లో అమ్మానాన్నలకూ ఓ మాట చెప్పాలి. ఎవరో వచ్చి మీ గురించి అడిగితే వాళ్లు కంగారుపడి ‘మాకు తెలియదు’ అనేస్తే ఆ నివేదిక మీ ఫైల్లోకి వెళ్తుంది.

గుర్తింపు: పాన్‌, ఆధార్‌, పాస్‌పోర్టు. మన తెలుగువాళ్లకు ఎక్కువగా తలనొప్పి తెచ్చేది ఇదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది. పాన్‌లో పూర్తిగా, అదీ చివర్లో ఉంటుంది. ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు. ఇది నేరమేమీ కాదు కానీ ఫైలు ఆగిపోతుంది. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ ఇప్పుడే సరిచేయించుకోండి.

కోర్టు, పోలీసు రికార్డు: ఈ-కోర్టుల వెబ్‌సైట్లో పేరుతో వెతికితే కేసులు కనిపిస్తాయి. కొన్ని కంపెనీలు పోలీస్‌ క్లియరెన్స్‌ సర్టిఫికెట్‌ కూడా తెమ్మంటాయి.

చివరికి ఏజెన్సీ నివేదికకు రంగులుంటాయి. అన్నీ సరిపోతే గ్రీన్‌. చిన్న తేడాలున్నా, సరిచూడడం కుదరకపోయినా యాంబర్‌. తప్పుడు సమాచారమని తేలితే రెడ్‌. యాంబర్‌ వస్తే వివరణ ఇచ్చుకునే వీలుంటుంది. రెడ్‌ వస్తే సాధారణంగా దారి మూసుకుపోయినట్టే.

నకిలీ అనుభవం ఎక్కడ దొరుకుతుంది?

కన్సల్టెన్సీ ఇచ్చే కాగితాలు చూడ్డానికి అసలువాటికన్నా అందంగా ఉంటాయి. కానీ ఉద్యోగం అంటే ఒక కాగితం కాదు. మూడేళ్లు ఎక్కడైనా పనిచేస్తే పదిచోట్ల గుర్తులు మిగులుతాయి. ఆ గుర్తుల్ని ఒకదానితో ఒకటి కలిపి చూస్తారు.

మొదటిది పీఎఫ్‌. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు పీఎఫ్‌ చట్టం వర్తిస్తుంది. 2014 నుంచి అమల్లో ఉన్న యూఏఎన్‌ నంబరు ఉద్యోగం మారినా మారదు. అందులోని సర్వీస్‌ హిస్టరీలో ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో తేదీలతో సహా ఉంటుంది. ‘200 మంది ఉన్న కంపెనీలో మూడేళ్లు చేశాను’ అని చెప్పి యూఏఎన్‌ లేదంటే మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది. మొదటి ఉద్యోగంలోనే మూల వేతనం రూ.15,000 దాటినవారికి పీఎఫ్‌ నుంచి మినహాయింపు ఉండొచ్చు. కాబట్టి పీఎఫ్‌ లేనంత మాత్రాన దొంగ అనరు. అయితే మిగతా ఆధారాలు అడుగుతారు.

రెండోది బ్యాంకు, ఆదాయపు పన్ను రికార్డులు. జీతం పడిన స్టేట్‌మెంట్‌, ఫారం 16, ఫారం 26ఏఎస్‌ ఒకదానికొకటి సరిపోవాలి. స్టేట్‌మెంట్‌ను సాఫ్ట్‌వేర్‌తో దిద్దొచ్చు. కానీ ఆదాయపు పన్ను శాఖ పోర్టల్లో మీ లాగిన్‌తో తెరిచే 26ఏఎస్‌ను దిద్దలేరు.

మూడోది కంపెనీ చరిత్ర. ప్రైవేట్‌ లిమిటెడ్‌ కంపెనీ ఏ తేదీన నమోదైందో, ఇంకా నడుస్తోందో లేదో కార్పొరేట్‌ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. 2023లో పుట్టిన కంపెనీ పేరుతో 2021 నుంచి అనుభవం చూపించి దొరికిపోయిన వాళ్లున్నారంటే ఆశ్చర్యం లేదు. ఇలాంటి డొల్ల కంపెనీల జాబితాలను ఏజెన్సీలు తయారు చేసుకుంటాయి. ఈరోజు మీకు లెటర్‌ ఇచ్చిన కంపెనీ పేరు రేపు ఆ జాబితాకెక్కితే, ఆ లెటర్‌ పట్టుకున్నవారందరి ఫైళ్లూ ఒకేసారి బయటికి వస్తాయి.

జరిగింది కూడా అదే. 2022 నవంబరులో యాక్సెంచర్‌ సంస్థ ఓ ప్రకటన చేసింది. ఉనికిలో లేని కంపెనీల పేరుతో అనుభవ పత్రాలు పెట్టి కొందరు తమతోపాటు దేశంలోని పలు కంపెనీల్లో ఉద్యోగాలు పొందుతున్నట్టు గుర్తించామనీ, నిర్ధారణ అయినవారిని తొలగించామనీ తెలిపింది. తొలగించింది ఇంటర్వ్యూలో తప్పినవారిని కాదు. అప్పటికే సీట్లో కూర్చుని పనిచేస్తున్నవారిని.

ఇంకో చిక్కు కూడా ఉంది. మూడేళ్ల అనుభవం పెడితే మూడేళ్ల పని అడుగుతారు. మొదటి వారంలోనే ప్రొడక్షన్‌ సమస్య మీ ముందు పెడితే, ఫోన్లో స్నేహితుడిని అడిగి ఎన్నాళ్లు నెట్టుకొస్తారు? చాలామంది వెరిఫికేషన్‌లో కాదు, ఇక్కడే దొరికిపోతారు.

చట్టం దృష్టిలో ఇది ‘అడ్జస్ట్‌మెంట్‌’ కాదు

‘మహా అయితే ఉద్యోగం పోతుంది’ అనుకునేవారు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. 2024 జులై 1 నుంచి దేశంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. మోసం చేసి లబ్ధి పొందితే సెక్షన్‌ 318(4) కింద ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. మోసం చేసే ఉద్దేశంతో పత్రాలు సృష్టిస్తే సెక్షన్‌ 336(3) కింద అదీ ఏడేళ్ల వరకే. ‘నేను తయారుచేయలేదు, కొనుక్కున్నానంతే’ అంటే కుదరదు. నకిలీ అని తెలిసీ అసలుదిగా వాడితే సెక్షన్‌ 340(2) ప్రకారం తయారు చేసినవాడికి పడే శిక్షే పడుతుంది. పాత ఐపీసీలోని 420, 468, 471 సెక్షన్లకు కొత్త రూపాలివి.

మీ బదులు ఇంకొకరు ఇంటర్వ్యూ ఇచ్చే ప్రాక్సీ పద్ధతి సంగతీ అంతే. మరొకరిగా నటించి మోసం చేస్తే సెక్షన్‌ 319(2) కింద అయిదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. ఆన్‌లైన్‌లో జరిగితే ఐటీ చట్టంలోని 66డి కూడా తోడవుతుంది. కెమెరా ముందు పెదవులు కదిపింది మీరైతే కేసులో మొదటి పేరు మీదే.

పోలీసులు అసలు పట్టించుకుంటారా అనే సందేహం అక్కర్లేదు. రాచకొండ పోలీసులు, ఎల్బీనగర్‌ ఎస్‌ఓటీ బృందాలు నకిలీ సర్టిఫికెట్ల ముఠాలను పట్టుకున్న వార్తలు ఈ పేపర్లోనే చాలాసార్లు చదివి ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరంలోని మలక్‌పేటలో మొదలైన 2022 నాటి కేసు ఇంకా పెద్దది. కాలేజీకే వెళ్లకుండా డిగ్రీలు ఇప్పిస్తున్నారంటూ హైదరాబాద్‌ పోలీసులు కన్సల్టెన్సీలపై దాడులు చేశారు. తీగ లాగితే డొంక భోపాల్‌లోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో కదిలింది. అదే ఏడాది మేలో ఆ వర్సిటీ వైస్‌చాన్సలర్‌ను, మాజీ వైస్‌చాన్సలర్‌ను అరెస్టు చేశారు. సర్టిఫికెట్లు తీసుకున్న విద్యార్థులనూ నిందితులుగా చేర్చారు. అమ్మినవాడి దగ్గర దొరికే మొదటి వస్తువు కొన్నవారి జాబితా. అందులో మీ పేరు, ఫోన్‌ నంబరు, కట్టిన మొత్తం ఉంటాయి.

రేపు అమెరికా వెళ్లాలనుకునేవారికి మరో మాట. వీసా కోసం కావాలని తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే అక్కడి వలస చట్టం జీవితకాల అనర్హత విధిస్తుంది. మినహాయింపులు చాలా పరిమితం. ఇక్కడ పెట్టిన దొంగ మూడేళ్లు హెచ్‌1బీ దరఖాస్తులోకి ఎక్కితే, ఆ అబద్ధాన్ని వెనక్కి తీసుకునే దారి ఉండదు.

పోలీసు కేసు ఉంటే ఇక అంతేనా?

కాదు. చాలామంది కేసు వల్ల కాదు, కేసును దాచడం వల్ల ఉద్యోగం పోగొట్టుకుంటారు.

2016 జులైలో అవతార్‌ సింగ్‌ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనిపై స్పష్టమైన సూత్రాలు చెప్పింది. ప్రభుత్వ ఉద్యోగానికి అటెస్టేషన్‌ ఫారం నింపేటప్పుడు అరెస్టు, కేసు, శిక్షల గురించి అడిగినదానికి నిజమే రాయాలి. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప కేసును రాయకపోయినా, యాజమాన్యం తన విచక్షణతో దాన్ని మన్నించవచ్చు. తీవ్రమైన నేరమైతే నియామకాన్ని రద్దు చేయవచ్చు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు, యాజమాన్యం గతాన్ని బేరీజు వేసుకుంటుంది. ఇంకో ముఖ్యమైన విషయం: ఫారంలో నిర్దిష్టంగా అడిగిన సమాచారమే ఇవ్వాలి. అడగనిది చెప్పలేదని తప్పు పట్టడానికి వీల్లేదు. 2022 మేలో ఓ రైల్వే రక్షణ దళ కానిస్టేబుల్‌ కేసులో, సమాచారం దాచారన్న ఒక్క కారణంతో కేసు తీరుతెన్నులు చూడకుండా యాంత్రికంగా తీసేయడం సరికాదనీ సుప్రీంకోర్టు చెప్పింది.

అలాగని తేలిగ్గా తీసుకునే విషయం కాదు. 2022 జూన్‌ 17న సికింద్రాబాద్‌ రైల్వేస్టేషన్‌లో అగ్నిపథ్‌ నిరసన హింసగా మారింది. ఒక యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. ఏళ్ల తరబడి పరుగు సాధన చేసిన ఎంతోమంది సైనిక ఉద్యోగార్థులు నిందితులయ్యారు. రెండు రోజులకే సైన్యం, విధ్వంసంలో పాల్గొనలేదని ప్రతి అభ్యర్థీ హామీపత్రం ఇవ్వాలనీ, పోలీసు వెరిఫికేషన్‌ లేకుండా ఎవరినీ తీసుకోబోమనీ ప్రకటించింది. వాట్సాప్‌ గ్రూపులో ఎవరో పిలిచారని వెళ్లే ముందు ఇది గుర్తుండాలి.

శనివారం రాత్రి సంగతి కూడా. సిగ్నల్‌ జంప్‌కు పడే ఈ-చలానా వేరు, డ్రంకెన్‌ డ్రైవ్‌లో పట్టుబడి కోర్టు ముందు నిలబడడం వేరు. రెండోది మోటారు వాహన చట్టంలోని 185వ సెక్షన్‌ కింద నేరం. మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. గంజాయి కేసు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇప్పటికే కేసు ఉంటే మూడు పనులు చేయండి. ఎఫ్‌ఐఆర్‌ కాపీ, కోర్టు తీర్పు సర్టిఫైడ్‌ కాపీ తెచ్చి దగ్గర పెట్టుకోండి. లోక్‌ అదాలత్‌లో రాజీ అయినా, కొట్టేసినా ఆ ఉత్తర్వు మీ దగ్గర ఉండాలి. ఫారంలో ‘ఎప్పుడైనా కేసు నమోదైందా?’ అని అడిగారా, ‘శిక్ష పడిందా?’ అని అడిగారా గమనించండి. రెండింటికీ జవాబు ఒకటి కాదు. సందేహం ఉంటే సంతకం చేసే ముందు లాయర్‌ను అడగండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయిస్తే అర్హులకు ఉచితంగానే సలహా దొరుకుతుంది.

గ్యాప్‌ ఉంది, ఏం చెప్పాలి?

గ్యాప్‌ నేరం కాదు. దాన్ని కప్పిపుచ్చడానికి ఆడే అబద్ధమే నేరం. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

గ్రూప్స్‌, ఎస్సై, బ్యాంకు పరీక్షలకు ప్రిపేర్‌ అయ్యారా? అదే రాయండి. హాల్‌టికెట్లు, స్కోర్‌ కార్డులు ఆధారాలు. ఇంట్లో అనారోగ్యమా? ఒక్క వాక్యంలో చెబితే చాలు. కిరాణా కొట్టు చూసుకున్నారా, ట్యూషన్లు చెప్పారా, డెలివరీ చేశారా? అది కూడా పనే. సిగ్గుపడాల్సిందేమీ లేదు. బ్యాక్‌లాగ్స్‌ వల్ల ఆలస్యమైతే చివరి సబ్జెక్టు పాసైన నెల, సంవత్సరమే ఉత్తీర్ణత తేదీగా రాయండి. కోర్సు ముగిసిన ఏడాది రాస్తే యూనివర్సిటీ రికార్డుతో తేడా వచ్చి, ఏ తప్పూ చేయకుండానే అనుమానం మూటగట్టుకుంటారు.

కోచింగ్‌ సెంటర్లో చేసిన ప్రాజెక్టును ప్రాజెక్టుగానే చూపించండి. కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టండి. ‘శిక్షణలో భాగంగా చేశాను’ అని రాసి, ప్రతి లైనునూ వివరించగలిగితే దానికి విలువ ఉంటుంది. ఆరు నెలల అసలు ఇంటర్న్‌షిప్‌, చిన్న కంపెనీలో తక్కువ జీతానికి చేసిన అసలు ఏడాది మూడేళ్ల దొంగ లెటర్‌ కంటే ఎక్కువ కాలం నిలబడతాయి.

నిజంగా చిన్న కంపెనీలో పనిచేశారు, అది మూతపడింది. ఇప్పుడు ఫోన్‌ ఎత్తేవాళ్లే లేరు. అలాంటప్పుడు ఆఫర్‌ లెటర్‌, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్‌, పే స్లిప్పులు, ఫారం 16, ఆఫీసు మెయిళ్లు, అప్పటి మేనేజర్‌ నంబరు ఇవ్వండి. కంపెనీ మూతపడిందని మీరే ముందుగా చెప్పండి. ఏజెన్సీ కనుక్కుని చెప్పేదాకా ఆగితే అదే మాట వేరేలా వినిపిస్తుంది.

బ్యాంకు ఉద్యోగాలకు సిబిల్‌ మెలిక

బ్యాంకు పరీక్షలు రాసేవారు ఈ ఒక్క నిబంధనను చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఎస్‌బీఐ, ఐబీపీఎస్‌ నోటిఫికేషన్లలో రుణ చరిత్రకు సంబంధించిన షరతులు ఉంటున్నాయి. 2025లో మద్రాస్‌ హైకోర్టు, సిబిల్‌ నివేదిక బాగోలేదని ఓ అభ్యర్థి నియామకాన్ని ఎస్‌బీఐ రద్దు చేయడాన్ని సమర్థించింది. ప్రజల సొమ్ముతో వ్యవహరించే ఉద్యోగంలో ఆర్థిక క్రమశిక్షణ చూడడం తప్పు కాదన్నది అందులోని సారాంశం.

లోన్‌ యాప్‌లో తీసుకుని వదిలేసిన రెండు వేలు, ‘తర్వాత కట్టు’ పద్ధతిలో కొన్న ఫోను, స్నేహితుడికి పెట్టిన హామీ సంతకం... ఇవన్నీ నివేదికలో కనిపిస్తాయి. విద్యారుణానికి కోర్సు పూర్తయ్యాక కొంత విరామం ఉంటుంది. అది ఎప్పుడు ముగుస్తుందో తెలుసుకోండి. ఉద్యోగం రాలేదని వాయిదాలు ఆపేయకుండా బ్యాంకుకు వెళ్లి గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి. క్రెడిట్‌ సమాచార సంస్థలు ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తెప్పించుకుని చూడండి. తప్పులుంటే ఫిర్యాదు చేసి సరిచేయించుకోండి.

మీకూ హక్కులున్నాయి

వెరిఫికేషన్‌ పేరుతో ఏది అడిగినా ఇచ్చేయాల్సిన పని లేదు. ముందుగా సమ్మతి పత్రం ఇస్తారు. ఎవరు పరిశీలిస్తారు, ఏమేం చూస్తారు అన్నది అందులో ఉంటుంది. చదివాకే సంతకం పెట్టండి. 2023లో వచ్చిన డిజిటల్‌ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. దశలవారీగా అమల్లోకి వచ్చే ఈ చట్టం మీ సమాచారాన్ని చెప్పిన పనికే వాడాలంటుంది. తప్పులు సరిచేయమని అడిగే హక్కునూ ఇస్తుంది.

నివేదికలో తేడా వచ్చిందని చెబితే బెంబేలెత్తిపోవద్దు. ఏ అంశంలో తేడా వచ్చిందో మెయిల్‌లో అడగండి. మీ పేరే ఉన్న ఇంకొకరి కేసును మీకు అంటగట్టి ఉండొచ్చు. యూనివర్సిటీ నుంచి జవాబు ఆలస్యమై ఉండొచ్చు. తండ్రి పేరు, పుట్టినతేదీ, ఆధారాలతో మర్యాదగా వివరణ పంపండి. ఫోన్లో చెప్పింది గాలికి పోతుంది. మెయిల్‌లో రాసింది మిగులుతుంది.

ఇంకో జాగ్రత్త. వెరిఫికేషన్‌ ఫీజు కట్టమని, సెక్యూరిటీ డిపాజిట్‌ పంపమని అడిగే మెయిల్‌ దాదాపుగా మోసమే. పేరున్న కంపెనీలు ఆ ఖర్చు తామే భరిస్తాయి. ఓటీపీ చెప్పొద్దు. ఆధార్‌ ఇవ్వాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్‌ కాపీ ఇవ్వండి. ఒరిజినల్‌ సర్టిఫికెట్లు చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి. కన్సల్టెన్సీ దగ్గర వదిలేస్తే అవే మీ మెడకు తాడవుతాయి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్‌ చేయండి.

ఈ వారమే చేయాల్సినవి

1. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా అన్ని మెమోలు, ప్రొవిజనల్‌, టీసీ స్కాన్‌ చేసి ఒకచోట పెట్టండి. డిజిలాకర్‌లో ఏమున్నాయో చూడండి.
2. మెమో, ఆధార్‌, పాన్‌, బ్యాంకు ఖాతాల్లో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో సరిచూడండి.
3. మీ కాలేజీ, కోర్సు గుర్తింపును తనిఖీ చేయండి. నకిలీ వర్సిటీల జాబితాను యూజీసీ ప్రకటిస్తూ ఉంటుంది.
4. ఎక్కడ పనిచేసినా ఆఫర్‌, రిలీవింగ్‌ లెటర్లు తీసుకోకుండా బయటికి రావద్దు. యూఏఎన్‌ ఉంటే సర్వీస్‌ హిస్టరీలో తేదీలు చూడండి.
5. గత అయిదేళ్లలో ఉన్న చిరునామాలు తేదీలతో రాసి పెట్టుకోండి.
6. రెజ్యూమె, నౌకరీ ప్రొఫైల్‌, లింక్డిన్‌ మూడింటిలో తేదీలు ఒక్కటే ఉండాలి.
7. మీ గురించి చెప్పగల ఇద్దరి పేర్లు, వారి అనుమతితో సిద్ధం చేసుకోండి. లెక్చరర్‌, ఇంటర్న్‌షిప్‌ గైడ్‌ అయితే మంచిది.

చివరగా ఓ లెక్క. దొంగ అనుభవానికి కట్టే లక్షో రెండు లక్షలో ఒక్కసారి పోయే డబ్బులా కనిపిస్తుంది. నిజానికి అది ప్రతి ఉద్యోగ మార్పులో మళ్లీ మళ్లీ కట్టే అప్పు. రెండో కంపెనీకి మారినా ఆ మూడేళ్లనూ మళ్లీ చూపించాలి, మళ్లీ భయపడాలి. పదేళ్ల తర్వాత టీమ్‌ లీడ్‌ అయినా, ఇల్లు కొని ఈఎంఐలు కడుతున్నా, ఒక్క మెయిల్‌తో అన్నీ కూలిపోవచ్చు. అదే ఫ్రెషర్‌గా తక్కువ జీతానికి మొదలుపెట్టినవారి మూడేళ్లు మూడేళ్లలోనే పూర్తవుతాయి. ఆ తర్వాత వారి అనుభవ పత్రాన్ని ఎవరు ఎన్నిసార్లు తనిఖీ చేసినా పోయేదేమీ ఉండదు.